పేరు చెప్పని అన్నకు థాంక్స్

అన్నా, నా పాత కారు ముందు చక్రం బేరింగ్ మార్చడం దగ్గరుండి చూపించారు, పేరడిగితే నవ్వి ఊరుకున్నారు. అందుకే థాంక్స్ ఇలా నలుగురి ముందే.

ముందు చక్రాల హబ్‌లో (చక్రం బిగించే మధ్య భాగంలో) టేపర్ బేరింగులు, అంటే ఏటవాలు రోలర్ల బేరింగులున్న పాత కారుకి చాలామంది రోలర్లు మార్చి, హబ్‌లోని పాత కప్పుల్ని (రోలర్లు దొర్లే ఉక్కు రింగుల్ని) అలాగే వదిలేస్తారు. కొత్త బేరింగ్ త్వరగా పోయేది అందుకే. రెండూ జతగా మార్చాలని, కప్పుని ఇత్తడి కడ్డీతో చుట్టూ కొద్దికొద్దిగా కొడుతూ దించాలని చూపించారు. కప్పు అడుగుకు తగలగానే ‘టక్ టక్’ కాస్తా ‘టంగ్’మంటుంది, ఆ శబ్దం పట్టుకోమన్నది మీరే. పాత గ్రీజు కిరోసిన్‌తో కడిగి, ఆరబెట్టి, అరచేతిలో కొత్త గ్రీజు పెట్టుకుని రోలర్ల సందుల్లోంచి పైకి పొంగేదాకా నొక్కాలి. గ్రీజు బయటికి రాకుండా ఆపే సీలు కొత్తదే వేయాలి.

ఇక అసలు పని హబ్‌ని పట్టి ఉంచే నట్టు దగ్గర. చక్రం తిప్పుతూ బిగించి, పూర్తిగా వదులు చేసి, మళ్లీ వేళ్లతోనే బిగించాలి. నట్టు ఊడకుండా పెట్టే స్ప్లిట్ పిన్ను రంధ్రం కలవకపోతే వదులు చేసే వైపే తిప్పాలి. 0.03 నుంచి 0.13 మిల్లీమీటర్ల ప్లే (హబ్ లోపలికీ బయటికీ కదిలే సందు) చాలా బండ్లకి సరిపోతుంది. అసలు ప్లే లేకుంటే వేడెక్కి గ్రీజు కారిపోతుంది, రోలర్లు నీలం తిరుగుతాయి.

బ్రేకు ఎక్కువ తొక్కకుండా పది కిలోమీటర్లు తిప్పి హబ్ మీద చెయ్యి పెట్టి చూడమన్నారు కదా, గోరువెచ్చగానే ఉంది. మీ ఇత్తడి కడ్డీ ఇక్కడే ఉండిపోయింది, వచ్చి తీసుకెళ్లండి.