వియత్నాంకు ఒక న్యాయం, క్యూబాకు ఒక న్యాయమా?

సంపాదకుడు గారికి,

మీ ఎడిట్ పేజీలో క్యూబా మీద వ్యాసం వచ్చి పది రోజులు దాటినట్టుంది. చదివిన పూటే రాద్దామనుకున్నాను గానీ, మబ్బు రోజులు కావడంతో రొయ్యల చెరువు గట్టు మీద, నీటికి గాలి పట్టించే ఏరియేటర్ల దగ్గరే సరిపోయింది. ఈలోగా ఎవరైనా జవాబు రాస్తారని రోజూ చూశాను. రాసినవాళ్లు లేరు, లేదా మీరు వేసుకోలేదు.

కమ్యూనిస్టు దేశాలకు ఆంక్షలు తప్ప ఇంకో భాష తెలియదనీ, వాళ్లతో వ్యాపారం చేయడమంటే నియంతలకు జీతాలివ్వడమేననీ వ్యాసకర్త తేల్చేశారు. అయ్యా, ఆ భాషలో అమెరికా క్యూబాతో 1962 నుంచీ మాట్లాడుతూనే ఉంది. అసలు ఉద్దేశమేమిటో అంతకు ముందే, 1960 ఏప్రిల్‌లో, లెస్టర్ మాలొరీ అనే విదేశాంగ శాఖ అధికారి కాగితం మీద పెట్టాడు: డబ్బూ సరుకూ అందకుండా చేయాలి, ఆకలీ నిరాశా పుట్టించాలి, ప్రభుత్వం దానంతటదే కూలాలి. ఆ కాగితం ఇప్పుడు ఎవరైనా చదువుకోవచ్చు. ఆకలి పుట్టింది, నిరాశా పుట్టింది. కూలాల్సింది మాత్రం కూలలేదు. ఐసెన్‌హోవర్ నుంచి జూనియర్ బుష్ దాకా పదిమంది అమెరికా అధ్యక్షులను చూసి, క్యూబా నేత ఫిడేల్ క్యాస్ట్రో 2008లో అనారోగ్యంతో తానే కుర్చీ దిగాడు. ఇన్నేళ్లు పనిచేయని మందును డోసు పెంచి ఇంకా వాడమనే డాక్టరు దగ్గరికి వ్యాసకర్త గారు వెళతారా?

ఆ ఆంక్షల దిగ్బంధం మీద సంతకం పెట్టే ముందు అప్పటి అధ్యక్షుడు కెనెడీ ఏం చేశాడో కూడా రాసి ఉంటే బాగుండేది. సాయంత్రం తన ప్రెస్ సెక్రటరీ పియర్ శాలింజర్‌ను పిలిచి, తెల్లారేసరికి క్యూబా చుట్టలు వెయ్యి దాకా కావాలన్నాడట. 1,200 దొరికాయని చెప్పాకే సొరుగులోంచి ఉత్తర్వు తీసి సంతకం చేశాడట. ఇది గిట్టనివాళ్లు పుట్టించింది కాదు, శాలింజరే తర్వాత చెప్పుకున్న ముచ్చట. పెద్దల ఆంక్షలు ఎప్పుడూ ఇలాగే ఉంటాయి, తమకు కావలసింది పక్కన పెట్టుకున్నాక మొదలవుతాయి.

ఇప్పుడు వియత్నాం. వ్యాసంలో ఆ పేరే లేదు, ఎందుకు లేదో ఊహించగలను. వియత్నాంలో 58 వేల మంది అమెరికన్ సైనికులు చచ్చిపోయారు. క్యూబాతో అలాంటి యుద్ధమే జరగలేదు. అయినా 1994 ఫిబ్రవరిలో క్లింటన్ వియత్నాం మీద ఆంక్షలు ఎత్తేశాడు, మరుసటి ఏడాది రాయబార సంబంధాలు కలిపాడు. అప్పటికి రెండు దేశాల మధ్య వ్యాపారం 50 కోట్ల డాలర్లు కూడా లేదు. 2024లో ఒక్క వియత్నాం నుంచి అమెరికా కొన్నదే 13,000 కోట్ల డాలర్లు దాటింది. హనోయ్‌లో అప్పుడూ కమ్యూనిస్టు పార్టీయే, ఇప్పుడూ కమ్యూనిస్టు పార్టీయే. రెండో పార్టీ పెడితే జైలే. మరి వీళ్లకు జీతాలిస్తున్నదెవరు?

ఇది మాకు పుస్తకాల్లో చదువుకునే సంగతి కాదు. 2025 ఆగస్టు చివర అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతం చేసింది, వియత్నాంకు 20 శాతమే వేసింది. రొయ్య అదే వనామీ రొయ్య, తినేవాడు అదే అమెరికావాడు. పట్టుబడికి సిద్ధమైన చెరువుల దగ్గరికి కొనుగోలుదారులు రావడం మానేశారు, వచ్చినవాళ్లు కౌంటు, అంటే కిలోకెన్ని రొయ్యలో, చూడకముందే రేటు కోశారు. ఆ 50లో సగం రష్యా చమురు కొన్నందుకు జరిమానాట. మనకంటే ఎక్కువ కొనే చైనాకు ఆ జరిమానా వేయలేదు. ప్రపంచంలోకెల్లా పెద్ద ప్రజాస్వామ్యమని మనం చెప్పుకునే దేశానికి అప్పుడు 50, ఏక పార్టీ పాలనకు 20! ఇందులో సిద్ధాంతం ఎక్కడుందో వ్యాసకర్త చూపిస్తే దండ వేస్తాను.

ఆ రోజుల్లో మా ప్రాంతంలో ఒక అవగాహన సదస్సు పెట్టారు. వేదిక మీదివాళ్లకు శాలువాలు కప్పడానికే గంట పట్టింది. అమెరికా కాకపోతే వేరే మార్కెట్లు చూసుకోవాలని ఒక అధికారి హితవు చెప్పారు. ఏ మార్కెట్టండీ, అక్కడ సుంకమెంత, పరీక్షలేమిటి అని ఒక కుర్రాడు లేచి అడిగితే, ఆయన ఫోన్ చూసుకుంటూ బయటికి వెళ్లారు, మళ్లీ రాలేదు. టిఫిన్ల దగ్గర మాత్రం కనిపించారు. వీళ్లను అని ఏం లాభం, పై నుంచి కింది దాకా అంతే. ఎంపీలు అమెరికా వెళితే తానా, ఆటా సభల్లో ఫొటోలు దిగి వస్తారు. టీవీల్లో చర్చ అంటే నలుగురు కలిసి అరవడం. మీ పత్రికలోనూ ఒకప్పుడు విదేశీ వ్యవహారాలకు వారానికో పేజీ ఉండేది. ఇప్పుడు ఆ చోట విల్లాల ప్రకటనలు, ప్రపంచమంతా పొట్టి కాలమ్‌లో ఇరుక్కుంది.

సరే, క్యూబా దగ్గరికే వస్తాను. నేను ఫిడేల్ భక్తుణ్ని కాను. 2021 జూలైలో తిండీ కరెంటూ లేవని వీధికెక్కిన జనాన్ని వందల మందిని జైళ్లలో వేసిన ప్రభుత్వం అది. రైతు పండించింది సర్కారే తీసుకుని, డబ్బు నెలల తరబడి ఆపితే ఎవడు పండిస్తాడు? ఆ పాపం వాషింగ్టన్‌ది కాదు. కానీ అక్కడి పాలకులకు ఆంక్షలంత మంచి సాకు ఇంకోటి దొరకదు. రేషన్ రాకపోతే దిగ్బంధం, బస్సు లేకపోతే దిగ్బంధం. 2024 అక్టోబరులో పాత విద్యుత్ కేంద్రం ఒకటి ఆగిపోయి దేశం మొత్తం చీకటైతే దానికీ దిగ్బంధమే. అందులో కొంత నిజం కూడా ఉండబట్టే ఆ సాకు చెల్లుబాటవుతోంది.

నిజం ఎంతో చూడండి. క్యూబా రేవులో సరుకు దింపిన ఓడ 180 రోజుల దాకా అమెరికా రేవుకు రాకూడదు. ఏ దేశంలో తయారైన వస్తువైనా అందులో అమెరికా సరుకు 10 శాతం దాటితే క్యూబాకు అమ్మకూడదు. 2020లో కోవిడ్ ముదిరిన వేళ, క్యూబాకు ఎప్పటినుంచో వెంటిలేటర్లు ఇస్తున్న స్విట్జర్లాండ్ కంపెనీలను ఒక అమెరికన్ సంస్థ కొనేయడంతో అవి సరఫరా ఆపేశాయి. ఆసుపత్రిలో ఊపిరాడని ముసలివాడు ఏ పొలిట్‌బ్యూరోలో సభ్యుడో!

మళ్లీ అదే అమెరికా 2000లో చట్టం చేసుకుని క్యూబాకు కోడి మాంసం అమ్ముకుంటోంది. షరతు ఒక్కటే, ముందు డబ్బు, తర్వాత సరుకు. మా మేత డీలర్లు కూడా పంట దాకా అప్పు పెడతారు. 1996 నాటి హెల్మ్స్-బర్టన్ చట్టం వచ్చాక అధ్యక్షుడు తలచుకున్నా ఆంక్షలు పూర్తిగా తీయలేడు, ఫ్లోరిడాలో స్థిరపడ్డ క్యూబా వలసవాళ్ల ఓట్లుండగా అక్కడి పార్లమెంటు, అంటే కాంగ్రెస్, తీయనివ్వదు. 2025 జనవరి 14న క్యూబాను ఉగ్రవాద దేశాల జాబితా నుంచి తీసేస్తున్నట్టు బైడెన్ ప్రకటిస్తే, 20న గద్దెనెక్కిన ట్రంప్ ఆ రోజే మళ్లీ ఎక్కించాడు. ఆరు రోజుల్లో హవానాలో ఎవరు మారారు?

వ్యాపారం చేస్తే కమ్యూనిస్టులు ప్రజాస్వామ్యవాదులైపోతారని నేననడం లేదు. చైనాను చూశాక ఆ మాట ఎవడూ అనలేడు. 2001లో ప్రపంచ వాణిజ్య సంస్థలో చేర్చుకున్నారు, పార్టీ పట్టు ఏమైనా సడలిందా? నా మాట అంతకంటే చిన్నది. అమ్మకాలూ కొనుగోళ్లూ ఉంటే అక్కడి మామూలు మనిషి తింటాడు, ఇక్కడి రైతుకు ఇంకో మార్కెట్ ఉంటుంది. ఆపేస్తే ఇద్దరూ నష్టపోతారు, పాలకుడు పోడు. 1980లో అఫ్గానిస్తాన్ సాకుతో కార్టర్ కోటీ 70 లక్షల టన్నుల ధాన్యం సోవియట్లకు అమ్మకుండా ఆపాడు. వాళ్లు అర్జెంటీనా దగ్గర కొనుక్కున్నారు, దెబ్బ తగిలింది అమెరికా రైతుకే. మరుసటి ఏడాది రీగన్ అంతటి కమ్యూనిస్టు వ్యతిరేకే దాన్ని ఎత్తేశాడు. సోవియట్ సేన 1989 దాకా అఫ్గాన్‌లోనే ఉంది.

పైగా ఈ వ్యాసం రాసింది తెలుగు పత్రికలో. మన మార్కెట్లు తెరిచిన మన పి.వి. నరసింహారావు గారి ప్రభుత్వమే 1992లో, సోవియట్ సాయం ఆగి క్యూబా అల్లాడుతుంటే, సీపీఎం తరఫున ఆ పార్టీ నేత సుర్జీత్ సేకరించిన 10,000 టన్నుల గోధుమలకు తోడు ప్రభుత్వం వాటా కూడా పంపింది. అదే ఏడాది నుంచి ఐక్యరాజ్య సమితిలో ఈ ఆంక్షలు ఎత్తేయాలని ఏటా ఓటింగు జరుగుతోంది, మన దేశం క్యూబా పక్షానే ఓటేస్తోంది. 2024లో అనుకూలంగా 187 దేశాలు, వ్యతిరేకంగా రెండు. 2025లో అనుకూలం 165కి తగ్గిందన్నదీ నిజమే, అదీ రాయండి. ఆంక్షలంటే ఏమిటో హైదరాబాద్‌లో క్షిపణులు తయారు చేసే భారత్ డైనమిక్స్ వాళ్లను అడిగినా చెబుతారు. పోఖ్రాన్ అణు పరీక్షల తర్వాత అమెరికా ఆంక్షల జాబితాకెక్కిన ఆ పేరు 2011లో గానీ దిగలేదు.

ఉత్తరం పెద్దదైంది. కత్తిరించాలంటే కత్తిరించుకోండి. కిందటిసారి యనమదుర్రు డ్రెయిన్ గురించి రాస్తే అసలు సంగతి తీసేసి పలకరింపులు అచ్చేశారు. ఈసారి వియత్నాం పేరా మాత్రం ముట్టుకోవద్దు.

ఇట్లు,
ఒక ఆక్వా రైతు,
భీమవరం