బడి గేటు దగ్గర అడగాల్సిందే

సంపాదకులు గారికి, నమస్కారం.

సర్కారు బడిలో ఉచితంగా చదువు చెబుతామని వచ్చిన యువకులను ప్రధానోపాధ్యాయురాలు గేటు దగ్గరే ఆపి, గుర్తింపు కార్డులు అడిగి, ఇంకో రోజు రమ్మని పంపించేశారని గత వారం మీ విజయవాడ పేజీలో వార్త వేశారు. సేవ చేయడానికి వచ్చినవారికి ఇదా మర్యాద అన్న ధోరణిలో రాశారు. ఆవిడ చేసింది నూటికి నూరుపాళ్లూ సరైన పని. పేరూ ఊరూ తెలియని పెద్దవాళ్లను, వాళ్లు ఎంత మంచివాళ్లయినా సరే, తరగతి గదుల్లోకి నేరుగా పంపేసి ఉంటే అప్పుడు రాయాలి ఆవిడ మీద వార్త.

తప్పు మరోచోట ఉంది. వచ్చినవారిని ఏం అడగాలి, ఏ కాగితం తీసుకోవాలి, ఏ పని అప్పగించాలి, ఏది అప్పగించకూడదు అన్నది తెలుగులో ఒక్క పేజీ రాసి ప్రతి బడి గోడకూ అంటించిన పాపాన ఎవరూ పోలేదు. హెచ్‌ఎం తన ఇంగితంతో నెట్టుకు రావాలి. ఏదైనా జరిగితే మెమో మాత్రం ఆవిడకే వస్తుంది.

నిబంధనలు అసలు లేవా అంటే ఉన్నాయి. బడులకు సేవ చేసేవారిని, వస్తువులు ఇచ్చేవారిని కలిపే విద్యాంజలి పథకాన్ని కేంద్రం 2016లో మొదలుపెట్టి, 2021 సెప్టెంబరులో కొత్త పోర్టల్‌తో విద్యాంజలి 2.0గా మళ్లీ తెచ్చింది. ప్రతి బడికీ ప్రభుత్వం ఇచ్చే పదకొండు అంకెల గుర్తింపు సంఖ్య, అంటే యూడైస్ కోడ్‌తో బడి అందులో చేరాలి. తనకేం కావాలో బడే నమోదు చేయాలి. సేవ అయితే లెక్కల్లో వెనకబడినవారికి సాయం, చిత్రలేఖనం, యోగా, ఆటలు, ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు బోధన వంటివి. వస్తువులైతే ఫ్యాన్లు, బల్లలు, ఆట సామాను, కంప్యూటర్లు. ముందుకు వచ్చినవారిలో ఎవరిని తీసుకోవాలో తేల్చేది కూడా బడే. చేసినవారికి జీతభత్యాలు ఉండవు, దాతల నుంచి నగదు తీసుకోరు. ఇంత స్పష్టంగా ఉన్నా, బడికి ఏం కావాలో బడి చెప్పడమన్న మొదటి మెట్టునే అందరూ దాటేస్తున్నారు. దాత తన దగ్గరున్నది తెస్తాడు, కాదంటే ఏమనుకుంటారోనని బడి తీసుకుంటుంది.

ఇక పిల్లల భద్రత. బడులతో సహా పిల్లలతో నిత్యం మెలిగే సంస్థలన్నీ తమ సిబ్బందికి ఎప్పటికప్పుడు పోలీసు విచారణ చేయించాలని పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే పోక్సో చట్టం కింద వచ్చిన 2020 నాటి నిబంధనలు చెబుతున్నాయి. రెగ్యులర్ అయినా కాంట్రాక్టు అయినా తేడా లేదు. అయితే ఆ నిబంధన ఉద్యోగుల గురించి రాసింది. జీతం లేకుండా వారానికి రెండు రోజులు వచ్చే మనిషి ఉద్యోగి కాదు కదా అని దాటేయడానికి సందు ఉంది. మూడో తరగతి పిల్లకు ఆ తేడా ఏం తెలుస్తుంది? బోర్డు దగ్గర నిలబడిన ప్రతివాళ్లూ ఆ పిల్లకు సారో మేడమో, చెప్పినమాట వినాల్సిన మనిషే. కాబట్టి ఆ సందు మూసేయాలి. ఒక్కరోజు వచ్చి మాట్లాడి వెళ్లేవారికి ఆధార్ నకలు, రిజిస్టర్‌లో వచ్చిన వేళ, వెళ్లిన వేళ, పక్కన ఒక టీచరు ఉంటే చాలు. నెలల తరబడి వచ్చేవారికి మాత్రం పోలీసు విచారణ పత్రం, పరిచయస్తులు ఇద్దరి ఫోన్ నంబర్లు (తీసుకుని ఊరుకోకుండా ఫోన్ చేసి కనుక్కోవాలి), నియమాలు చదివి పెట్టిన సంతకం ఉండి తీరాలి. కాలేజీ నుంచి పిల్లలను పంపితే ప్రిన్సిపాల్ లేఖ, వెంట ఒక లెక్చరర్.

లోపలికి వచ్చాక పాటించాల్సినవి ఇంకా ముఖ్యం. తలుపు వేసిన గదిలో ఒక్క పిల్లతో ఒక్క పెద్దమనిషి ఉండకూడదు. వరండాలోనో, తలుపులు తీసిన తరగతిలోనో, నలుగురి కంటికీ కనబడేచోట కూర్చోవాలి. దారిలోనే కదా అని బండి మీద ఇంటి దగ్గర దింపకూడదు. పిల్లల ఫోన్ నంబర్లు తీసుకోవడం, రాత్రిపూట వాట్సాప్‌లో సందేహాలు తీర్చడం వద్దు. చెప్పాల్సిందేదైనా టీచరు ద్వారానే ఇంటికి చేరాలి. ఒక్కరికే ప్రత్యేకంగా కానుకలు ఇవ్వకూడదు. తలనొప్పి అంటే మాత్ర కూడా ఇవ్వకూడదు, టీచరుకు అప్పగించాలి. కొట్టడం, గుంజీలు తీయించడం, మొద్దు అని పదిమందిలో అనడం విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కింద నిషిద్ధం. ఉచితంగా చెబుతున్నాం కాబట్టి కాస్త గట్టిగా మందలిస్తే తప్పేంటి అనుకునేవారు ఇంట్లోనే ఉండటం మేలు.

పిల్ల ఎప్పుడైనా తనకు జరిగిన చెడు గురించి నోరు విప్పితే ఏం చేయాలో చాలామంది టీచర్లకే తెలియదు. వినాలి. గుచ్చి గుచ్చి అడగకూడదు, నలుగురి ముందు మళ్లీ మళ్లీ చెప్పించకూడదు. ఎవరికీ చెప్పనని మాట ఇవ్వకూడదు, ఎందుకంటే చెప్పి తీరాలి. నేరం జరిగిందని తెలిసినా, జరగబోతుందన్న భయం ఉన్నా పోలీసులకు తెలపడం పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం ప్రతి ఒక్కరి బాధ్యత. తెలపకపోతే ఆరు నెలల వరకు జైలుశిక్ష పడవచ్చని 21వ సెక్షన్ అంటోంది. బడి పరువు పోతుందని సర్దిచెప్పే పెద్దలకు ఇది గుర్తుండాలి. పిల్లల సహాయవాణి 1098 నంబరు ప్రతి తరగతి గది గోడ మీద, పిల్ల కంటికి అందే ఎత్తులో రాయించాలి. హెచ్‌ఎం గదిలో బీరువా మీద అంటిస్తే ఎవరు చూస్తారు?

పని విషయానికొస్తే, ఇలా స్వచ్ఛందంగా వచ్చే వాలంటీరు టీచరుకు బదులు కాదు. టీచరు సెలవు పెట్టారని తరగతి అప్పగించడం, పరీక్ష పేపర్లు దిద్దించడం, హాజరు వేయించడం కుదరదు. ఖాళీ పోస్టుల స్థానంలో వీరిని చూపించి ఊరుకోవడం అంతకంటే అన్యాయం. వీరు బాగా పనికొచ్చేది చదవడం రాని పిల్లలతో కూర్చోవడానికి. అందుకు పద్ధతి కావాలి. తరగతిని బట్టి కాదు, చదివే స్థాయిని బట్టి పిల్లలను విడదీయాలి. అక్షరం గుర్తుపట్టేవారు, మాట చదివేవారు, నాలుగు వాక్యాలు చదివేవారు, కథ చదివేవారు. నాలుగో తరగతి పిల్లవాడు మాటల దగ్గరే ఆగిపోతే రెండో తరగతి పిల్లలతో కలిపి కూర్చోబెట్టాలి. ఒక్కరి దగ్గర ఆరుగురికి మించి వద్దు. నలభై నిమిషాల్లో కాసేపు పైకి చదివి వినిపించి, తర్వాత గుణింతాల మీద పని చేయించి, చివర ప్రతి పిల్లా తనంతట తాను చదవాలి, రెండు మాటలైనా రాయాలి. చాలామంది పిల్లలు ఆగిపోయేది ఒత్తుల దగ్గర. ‘అమ్మ’ చదివేస్తారు, ‘పుస్తకం’ దగ్గర తడబడతారు, ఎందుకంటే మొదటిది కంఠతా వచ్చు. అక్కడ ఓపిక పట్టకుండా పాఠంలోకి దూకితే పిల్ల పెదవులు కదుపుతుంది తప్ప చదవదు.

అన్నిటికంటే ఎక్కువ చెరుపు చేసేది మధ్యలో మానేయడం. ఆగస్టు 15కు ఉత్సాహంగా వచ్చి దసరా సెలవుల తర్వాత కనబడకపోతే ఆ ఆరుగురు పిల్లలూ మళ్లీ మొదటికొస్తారు. తమను చూసి విసిగి వెళ్లిపోయారనుకుంటారు. కనీసం మూడు నెలలు, వారంలో అవే రోజులు, అదే వేళ వస్తామని రాసివ్వగలిగినవారినే తీసుకోవాలి. మార్చి మధ్యలో ఒంటిపూట బడులు మొదలవుతాయి, పదో తరగతి పరీక్షలు వస్తాయి, అప్పుడు కొత్తవారిని చేర్చుకుని ప్రయోజనం లేదు.

దానాల సంగతి రాయకుండా ఉండలేను. పుస్తకాలు, నోటుపుస్తకాలు, బ్యాగు, బూట్లు, యూనిఫాం ప్రభుత్వమే సర్వేపల్లి రాధాకృష్ణన్ విద్యార్థి మిత్ర కిట్‌లో ఇస్తోంది. అదే జూన్‌లో దాతలు మళ్లీ బ్యాగులే పంచుతారు. మరుగుదొడ్డిలో విరిగిన కుళాయికి, తరగతి గదిలో తిరగని ఫ్యానుకు మాత్రం ఒక్కరూ ముందుకు రారు, కుళాయి పక్కన నిలబడి ఫొటో దిగలేరు కదా. ఆర్‌ఓ యంత్రం బిగించి పేరు చెక్కించుకున్నవారు ఫిల్టర్లు ఎవరు మారుస్తారో చెప్పరు. కొన్ని నెలలకోసారి మార్చకపోతే పూడుకుపోతాయి, యంత్రం మూలన పడుతుంది. ఇచ్చేవారు కనీసం రెండేళ్ల నిర్వహణ కూడా రాసివ్వాలి, ప్రతి వస్తువూ స్టాకు రిజిస్టర్‌లోకి ఎక్కాలి. ప్రాథమిక బడి గ్రంథాలయానికి పాత ఎంసెట్ గైడ్లు ఇవ్వడం దానం కాదు, ఇల్లు ఖాళీ చేసుకోవడం. పెద్ద అక్షరాలు, బొమ్మలు ఉన్న పలచటి కథల పుస్తకాలు ముప్పై కొనండి చాలు.

పుట్టినరోజుకు బయట వండించిన బిర్యానీ పొట్లాలు పంచడం మరో ప్రమాదం. మధ్యాహ్న భోజనంలో తిథి భోజనం పేరుతో దాతలకు చోటుంది. ముందుగా చెప్పి, బడి భోజనానికి తోడుగా పండో మిఠాయో ఇవ్వొచ్చు. పిల్లలకు పెట్టేముందు టీచరుతో సహా పెద్దవాళ్లు రుచి చూడాల్సిందే. ఉదయం ఆరింటికి వండి మూటగట్టిన అన్నం పన్నెండున్నరకు పెడితే మన ఊరి ఎండలో అది ఏమవుతుందో వేరే చెప్పాలా?

ఫొటోల పిచ్చికి మీ పత్రిక కూడా బాధ్యురాలే. పిల్ల ముఖం, బడి పేరు, తరగతి, చేతిలో దాత ఇచ్చిన పొట్లం, అన్నీ ఒకే ఫొటోలో వేస్తున్నారు. తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతి లేకుండా వేయకండి. రాజకీయ కండువాలతో బడుల్లోకి రాకూడదని పాఠశాల విద్యాశాఖ 2025లో ఆదేశాలిచ్చింది, సంతోషం. దాతల బ్యానర్లకు కూడా అదే వర్తింపజేయాలి.

అధికారులకు చెప్పేది ఒకటుంది. నగరంలోని మున్సిపల్ బడుల పర్యవేక్షణ 2022లో పాఠశాల విద్యాశాఖకు వెళ్లింది, భవనాలు మాత్రం మున్సిపాలిటీవే. వాలంటీరు అనుమతి అడిగితే ఒక కార్యాలయం ఇంకో కార్యాలయాన్ని చూపిస్తుంది. టీచర్లతో ప్రతిదానికీ యాప్‌లో ఫొటోలు పెట్టించే శ్రద్ధలో పదో వంతు ఇక్కడ పెట్టినా ఈపాటికి ఆ ఒక్క పేజీ వచ్చి ఉండేది. ఈ ఊరికి మనసు లేక కాదు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు ఎంతమంది భోజనాలతో, నీళ్లతో కదిలారో అందరం చూశాం. ఆ మనుషులకు దారి చూపించే కాగితమే లేదు.

జూన్ 12న బడులు తెరిచేలోగా జిల్లా విద్యాశాఖ, నగరపాలక సంస్థ కలిసి దరఖాస్తు నమూనా, నియమాల పత్రం, సందర్శకుల రిజిస్టర్ తెలుగులో అచ్చు వేయించి ప్రతి హెచ్‌ఎంకూ ఇవ్వాలి. కాగితాలన్నీ సరిగ్గా ఉన్నవారికి వారంలోగా అవుననో కాదనో జవాబు రావాలి. పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే కాబట్టి, ఎవరెవరు వస్తున్నారో, ఏం చేస్తున్నారో ప్రతి సమావేశంలో వారి ముందు చదవాలి. వద్దని తల్లులు అంటే ఆ వాలంటీరును మరుసటి రోజు నుంచే ఆపేయాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు,
సత్యనారాయణపురం, విజయవాడ.