దింపడానికే జంకితే ఎలా?

సంపాదక మహాశయా,

మయన్మార్ నుంచి పారిపోయి వచ్చే రోహింగ్యా ముస్లింల పడవల వార్త రాగానే మన చర్చంతా 'చొరబాటు' అన్న మాట చుట్టూనే తిరుగుతోంది. 2020 జూన్‌లో ఇండోనేషియాలోని ఆచే తీరంలో, కరోనా భయంతో అధికారులు అలాంటి ఓ పడవలోని వాళ్లను దింపడానికి జంకితే, ఊరివాళ్లే తాళ్లు కట్టి పడవను ఒడ్డుకు లాగారు. అందులో దాదాపు వంద మంది, ఎక్కువగా ఆడవాళ్లూ పిల్లలూ. 2004 సునామీలో సర్వం పోగొట్టుకున్న తీరమది! అదే ఆచేలో 2023 చివర్లో కొన్ని ఊళ్లు పడవల్ని వెనక్కి నెట్టాయి. తప్పే, కానీ ఏళ్ల తరబడి భారమంతా బీద జాలరిపేటల మీదే వదిలేస్తే ఇంకేమవుతుంది?

శరణార్థులకు రక్షణ ఇవ్వాలనే 1951 అంతర్జాతీయ ఒప్పందంపై ఇండోనేషియా సంతకం పెట్టలేదు, మనమూ పెట్టలేదు. 2021 ఫిబ్రవరిలో అండమాన్ సముద్రంలో చిక్కిన పడవకు మన తీర రక్షక దళం తిండీ నీళ్లూ అందించింది. అప్పటికే 8 మంది చనిపోయారు. మిగిలినవాళ్లను ఎవరు దించుకోవాలన్న వాదన మాత్రం తెగలేదు. ముందు దింపి, వైద్యం చేయించి, ఆ తర్వాత వాదించుకోవచ్చు కదా.

– ఓ పాఠకుడు, భీమునిపట్నం