మట్టి ఖాళీగా ఉండేది ఇప్పుడే

సంపాదకులకు నమస్కారం.

ఎండలు ముదిరాయి, పరీక్షలు అయిపోయాయి, వ్యవసాయం చెప్పే మాస్టార్లం ఎవరిళ్లకు వాళ్లం చేరాం. నేను గుంటూరు దగ్గర ఇంటర్ ఒకేషనల్ పిల్లలకు పంటల కోర్సు చెబుతాను. ఈ సెలవుల గురించి నా తోటి వాళ్లకు, మా చేత పని చేయించుకునే వాళ్లకు నాలుగు మాటలు చెప్పాలని రాస్తున్నాను.

లెక్కల మాస్టారు వేసవిలో విశ్రాంతి తీసుకున్నా ఆయన పాఠం ఎక్కడికీ పోదు. మా సంగతి అలా కాదు. చేను ఖాళీగా ఉండేది, రైతు కాస్త అరుగు మీద కూర్చుని మాట్లాడేది ఈ ఏప్రిల్, మే నెలల్లోనే. జూన్‌లో మేం పాఠం మొదలుపెట్టేసరికి మృగశిర కార్తె వచ్చేస్తుంది, ఏరువాక దగ్గర పడుతుంది, అప్పుడు వెళ్లి "బాబాయ్, మా పిల్లలకు నీ చేలో మట్టి తీయడం చూపించనా" అంటే ఆయనకు మన మాట వినే తీరిక ఎక్కడిది?

సెలవుల్లో మేమూ వెళ్లి నేర్చుకోవాలని నాకు ఒక పిల్లవాడి వల్ల తెలిసింది. 2021లో మిర్చి మీద నల్ల తామర పురుగు విరుచుకుపడిన ఏడాది అది. పుస్తకంలో ఉన్నట్టే చెప్పాను: తామర పురుగు ఆకుల అడుగున చేరి రసం పీలుస్తుంది, ఆకులు పైకి ముడుచుకుని పడవలా అవుతాయి, అదే పై ముడత. వెనక బెంచీలోంచి పల్నాడు పిల్లవాడొకడు లేచి "సార్, మా చేలో పురుగు ఆకుల్లో కంటే పూలల్లోనే ఎక్కువగా ఉంది" అన్నాడు. మర్నాడు ఒక కవర్లో గుప్పెడు పూలు తెచ్చాడు. తెల్ల కాగితం పరిచి ఒక్కో పువ్వూ దాని మీద దులిపితే, సన్నటి నల్లటి పురుగులు, నువ్వుగింజలో పావు వంతు కూడా ఉండవు, కాగితమంతా పరుగెత్తాయి. ఏం చెప్పాలో నాకు తెలియలేదు. ఆ కుర్రాడి తండ్రి అప్పటికే నాలుగైదు రకాల మందులు కొట్టి ఉన్నాడు.

ఆ పంట తర్వాత వచ్చిన వేసవిలో గుంటూరు పక్కనే ఉన్న వ్యవసాయ పరిశోధన కేంద్రం, లాం ఫారానికి వెళ్లి శాస్త్రవేత్తలను అడిగాను. ఓపిగ్గా కూర్చోబెట్టి చెప్పారు. ఇది పాత తామర పురుగు కాదు, వేరే జాతి, పూలల్లో చేరడంతో పూత రాలిపోయి కాయ నిలవదు, మందు మీద మందు కొడితే మేలు చేసే పురుగులు చచ్చి ఇదే ఇంకా పెరుగుతుంది, నీలం రంగు జిగురు అట్టలు పెట్టాలి అని. పుస్తకంలో లేని ఆ పాఠం ఇప్పుడు నేను ప్రతి ఏడాదీ చెబుతున్నాను.

కాబట్టి నా మొదటి మాట: ఈ సెలవుల్లో కనీసం రెండు మూడు రోజులు లాం గానీ, జగ్గయ్యపేట దగ్గర గరికపాడు కేవీకే (కృషి విజ్ఞాన కేంద్రం) గానీ, మీకు దగ్గర్లో ఏది ఉంటే అక్కడికి వెళ్లండి. పోయిన సీజన్‌లో పిల్లలు అడిగితే చెప్పలేకపోయిన ప్రశ్నలు కాగితం మీద రాసుకుని మరీ వెళ్లండి.

రెండోది మట్టి. మన పిల్లల్లో ఎక్కువమంది రైతుల బిడ్డలే కదా, వాళ్ల చేలోనే మట్టి పరీక్షకు నమూనా తీయించండి. గట్ల పక్కన, చెట్ల నీడలో, పెంట పోగు వేసిన చోట వద్దు. పైనున్న చెత్త తీసేసి 'వి' ఆకారంలో 15 సెంటీమీటర్ల లోతు గుంట తవ్వి, అంచు వెంట పైనుంచి కిందదాకా పలచగా చెక్కాలి. అలా ఎనిమిది పది చోట్ల తీసిన మట్టిని పట్టా మీద బాగా కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు తీసేస్తూ అరకిలో మిగిలేదాకా వస్తే అదే నమూనా. మన నల్లరేగడి మే నెలకు బండరాయిలా బిగుసుకుపోతుంది, గడ్డపార కూడా దిగదు, అందుకే ఒక వాన పడ్డాక చూసుకుని వెళ్లడం మంచిది. ఆ వానకే వేసవి దుక్కి కూడా చూపించవచ్చు, చాలు వెనక కొంగలు ఏం ఏరుకు తింటున్నాయో పిల్లలు చూస్తే మట్టిలో దాగి ఉండే నిద్రావస్థ పురుగుల (ప్యూపాల) పాఠం వేరే చెప్పక్కర్లేదు. అన్నీ పొద్దున్నే ఆరింటికి మొదలుపెట్టి పదిలోపు ముగించాలి. మన ఎండ సంగతి తెలిసిందే, పిల్లల్ని మధ్యాహ్నం చేలో నిలబెట్టకూడదు.

మిర్చి యార్డు కూడా అంతే, యార్డుకు వేసవి సెలవులు ఇచ్చేలోపే ఒక పూట వెళ్లి రావాలి. టిక్కీల (మిర్చి బస్తాల) దగ్గర నిలబడి రంగు పోయిన తాలు కాయలు వేరు చేయడం, చేత్తో నలిపి తేమ చూడడం, ఆ తేమ వల్ల ధర ఎంత తేడా వస్తుందో వినడం, ఇదంతా మార్కెటింగ్ పాఠమే.

ఇక యాజమాన్యాలకు ఒక మాట. ఇదివరకు నేను పనిచేసిన ఒక కాలేజీలో రెండు వేసవులు అడ్మిషన్ల కోసం కరపత్రాలు ఇచ్చి ఊళ్ల మీదికి పంపారు. ఇన్ని సీట్లు తేవాలని టార్గెట్, తేకపోతే జీతం టెన్షన్. పొలాల పక్కనుంచే రోజూ బండి మీద వెళ్లాను, ఒక్క చేలో దిగలేకపోయాను. ఇప్పటికీ బాధగానే ఉంది. దయచేసి వ్యవసాయం చెప్పేవాళ్లకు ఒక పది రోజులు పొలం కోసం వదలండి, వాటిని డ్యూటీగా రాయండి. మాలో గెస్ట్ ఫ్యాకల్టీకి వేసవిలో జీతమే ఉండదు, సొంత డబ్బుతో తిరగమంటే ఎలా తిరుగుతారు? వాళ్లకు కనీసం బస్సు చార్జీలు, భోజనం ఖర్చులైనా ఇవ్వాలి.

సోమవారం పొద్దున మేడికొండూరు వైపు ముగ్గురు పిల్లల పొలాల్లో మట్టి తీయబోతున్నాం. పార, బకెట్, పట్టా సిద్ధం చేసి పెట్టుకున్నాను.

ఇట్లు,
ఒక వ్యవసాయ అధ్యాపకుడు,
గుంటూరు