వార్షిక నివేదిక: మార్కెట్ అంచనా ప్రశ్నలపై ఆదివారం తరగతులు

గౌరవ సభ్యులకు నమస్కారం. గ్రంథాలయం, వేసవి చలివేంద్రం ఎప్పటిలాగే నడిచాయి. వాటి జమాఖర్చులను విడిగా జతపరిచాము. ఈ నివేదికలో ఎక్కువ భాగాన్ని, కన్సల్టింగ్ కంపెనీల (ఇతర సంస్థలకు వ్యాపార సలహాలిచ్చే కంపెనీల) ఇంటర్వ్యూలకు సిద్ధమవుతున్న మన కాలనీ పిల్లల కోసం ఈ ఏడాది మొదలుపెట్టిన తరగతులకే కేటాయిస్తున్నాము.

ఆ ఇంటర్వ్యూల్లో, తెలిసిన అంకెల నుంచి ఒక మార్కెట్ ఎంత పెద్దదో అంచనా కట్టమనే ప్రశ్నలు వస్తాయి. “విజయవాడలో రోజుకు ఎన్ని పాల ప్యాకెట్లు అమ్ముడవుతాయి?” అని అడిగితే మన పిల్లలు తడబడేది గుణకారం దగ్గర కాదు. ఒక్కటే సరైన జవాబుండే ఎంసెట్ తరహా ప్రశ్నలకు ఏళ్ల తరబడి అలవాటుపడినందువల్ల, కారణం చెప్పి ఒక అంకెను అనుకోవడానికే వారు జంకుతున్నారు. తొలి వారాల్లో మేమే జవాబు ముందుగా చెప్పేసి ఆ జంకును పెంచాము. తరువాత ఆ పద్ధతి మానుకున్నాము.

ముందు ప్రశ్న హద్దులు అడిగి తెలుసుకోవాలి: నగరం వరకేనా, అర లీటరు ప్యాకెట్లేనా, హోటళ్లను కలపాలా? 2011 జనాభా లెక్కల ప్రకారం నగర జనాభా 10 లక్షల పైచిలుకు కనుక, ఇంటికి నలుగురు చొప్పున రెండున్నర లక్షల ఇళ్లు. విడిగా పాలు పోయించుకునే ఇళ్లను తీసేసి, నూటికి 60 ఇళ్లు రోజుకు రెండేసి ప్యాకెట్లు కొంటాయనుకుంటే 3 లక్షలు. దాదాపు అందరూ ఇక్కడే ఆగిపోయారు. బందరు రోడ్డు పొడవునా ఉన్న టీ కొట్లు ఎవరికీ గుర్తురాలేదు. కొట్లు 3 వేలు, ఒక్కొక్కదానికి 20 ప్యాకెట్లు అనుకుంటే మరో 60 వేలు చేరతాయి. మొత్తం 3 లక్షల 60 వేల అర లీటరు ప్యాకెట్లు, అంటే 1 లక్షా 80 వేల లీటర్లు, తలకు 180 మిల్లీలీటర్లు. ఒక గ్లాసుడు పాలు నమ్మదగిన లెక్కే. ఇలా తలకెంతో చూసుకోవడాన్ని మేము ప్రతి తరగతిలోనూ తప్పనిసరి చేశాము.

ఇలాంటి అంచనా అచ్చంగా సరిపోనవసరం లేదు. 1945 జూలై 16న తొలి అణుపరీక్ష వేళ, పేలుడు గాలికి కాగితపు ముక్కలు ఎంత దూరం జరిగాయో చూసి పేలుడు బలం 10 వేల టన్నుల టీఎన్‌టీ అనే పేలుడు పదార్థానికి సమానమని భౌతిక శాస్త్రవేత్త ఎన్రికో ఫెర్మి అంచనా కట్టారు. అసలు బలం దానికి రెట్టింపు పైనే ఉన్నా ఆ అంచనాకు విలువ తగ్గలేదు. పదింతల తేడా వస్తే మాత్రం ఇంటర్వ్యూలో నిలవడం కష్టం. మన పిల్లలకు ఆ తేడా ఎక్కువగా లక్షలను మిలియన్లలోకి మార్చేటప్పుడే వస్తోంది. 10 లక్షలు ఒక మిలియన్, 100 కోట్లు ఒక బిలియన్ అన్నది నోటికి వచ్చేదాకా చెప్పించాము.

వచ్చే ఏడాది ఆటోనగర్‌లో, వన్‌టౌన్‌లో వ్యాపారం చేస్తున్న సభ్యులు నెలకొక ఆదివారం వచ్చి, తమ కొట్లో రోజుకు ఎంత సరుకు కదులుతుందో పిల్లలకు చెప్పాలని కోరుతున్నాము. పేర్లను కార్యదర్శి వద్ద నమోదు చేయించగలరు.