మత్తు మాత్రల అలవాటు మానడానికి మా తమ్ముడికి సాయం చేసిన అందరికీ పేరుపేరునా థాంక్స్ (పేర్లు మాత్రం రాయట్లేదు)

నమస్తే అండి, మాది కంచరపాలెం. ఈ పోస్టు మా తమ్ముడికి చదివి వినిపించి, వాడు సరే పెట్టక్కా అన్నాకే పెడుతున్నా. పేర్లు వద్దన్నాడు, ఎవరి గురించో వాళ్ళకి ఎలాగూ తెలుస్తుంది.

వాడిది ఆటోనగర్‌లో లోడింగ్ పని. నడుం పట్టేస్తే ఎవడో ట్రమడాల్ క్యాప్సూల్ ఇచ్చాడు, నొప్పి పోయింది, పనికెళ్ళాడు, ఇంక ఆ తర్వాత నొప్పి ఉన్నా లేకపోయినా అదే. 2018లోనే దాన్ని మత్తుమందుల చట్టం కిందకి తెచ్చారు, అయినా దొరికే చోట దొరుకుతూనే ఉంది, ఆ గొడవ ఇప్పుడొద్దు లెండి. వేసుకోకపోతే ఒళ్ళంతా పీకడం, ముక్కు కారడం, విరేచనాలు, రాత్రంతా కాళ్ళు కొట్టుకోవడం. మా అమ్మ గాలి సోకిందని తాయెత్తు కూడా కట్టించింది. ఊరి బయట ఒక సెంటర్లో చేర్పిస్తే గదిలో పెట్టి తాళం వేశారు, మందూ లేదు మాకూ లేదు, బయటికొచ్చాక మళ్ళీ మొదలు. చివరికి ఒకరోజు డోసు ఎక్కువైపోయి ఇంట్లోనే ఫిట్స్ వచ్చాయి.

ఆ రాత్రి క్యాజువాలిటీలో ఉన్న చిన్న డాక్టర్ బాబుకి మొదటి దండం. మమ్మల్నందరినీ బయటికి పంపించేసి, "ఏం వాడుతున్నావో చెప్పు, తిట్టనులే" అని వాడినే అడిగారంట. ట్రమడాల్ ఎక్కువ వేసుకుంటే ఫిట్స్ వస్తాయని మాకు అప్పుడే తెలిసింది. డి-అడిక్షన్ (మత్తు అలవాటు మాన్పించే) ఓపీకి చీటీ ఆయనే రాసిచ్చారు.

అక్కడి డాక్టర్ మేడం గారు బుప్రెనార్ఫిన్ అని, ఈ అలవాటు మాన్పించడానికి ఇచ్చే మాత్ర మొదలుపెట్టారు. అందులో నాలోక్సోన్ అని మత్తుని అడ్డుకునే మందు కూడా కలిపి ఉంటుంది, నాలుక కింద పెట్టుకున్నంతకాలం దాని పని పెద్దగా ఉండదు, ఎవడైనా కరిగించి ఇంజక్షన్ చేసుకుంటే మాత్రం చుక్కలు చూపిస్తుంది, అందుకే కలుపుతారంట. మా అమ్మకి అర్థమయ్యేలా ఆవిడ ఎలా చెప్పారంటే, బస్సులో సీటు మీద కర్చీఫ్ వేసేస్తాం చూడండి, ఈ మాత్ర మెదడులో మత్తుమందు కూర్చునే సీట్లు అలా ముందే పట్టేస్తుంది, వేరే మత్తుమందు ఎక్కినా కూర్చోడానికి చోటుండదు, ఇది మాత్రం ఒక హద్దు దాటి మత్తెక్కించదు, ఒళ్ళు నొప్పులు రాకుండా చూస్తుంది అని. అయితే పాత మందు ఇంకా సీట్లోనే ఉండగా దీన్ని వేస్తే దాన్ని ఒక్కసారిగా లేపేస్తుంది, అప్పుడు పడే బాధ మామూలుది కాదు. అందుకని ముందురోజు నుంచి ఏమీ వేసుకోకుండా రమ్మన్నారు. చెమటలు, ఆవులింతలు, చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకుని బెంచీ మీద వాడు ఒకటే అల్లాడిపోతున్నాడు, నేనేమో ఇచ్చేయండి మేడం అని ఏడుస్తున్నా, ఆవిడ నాడి చూసి, కళ్ళలో లైటు వేసి చూసి, ఇంకాసేపు ఆగాలమ్మా అన్నారు. ఆగారు కాబట్టే మొదటి మాత్ర సాఫీగా పడింది.

మందిచ్చే సిస్టర్ గారూ, మీకైతే ఎంత చెప్పినా తక్కువే. మాత్రని పొడి చేసి నాలుక కింద వేసి, కరిగేదాకా మాట్లాడనిచ్చేవారు కాదు, మింగేస్తే దండగ అనేవారు, తర్వాత నోరు తెరిపించి నాలుక ఎత్తించి చూసేవారు. మా వాడికి మొదట్లో ఉక్రోషం, దొంగని చూసినట్టు చూస్తుందని, ఇప్పుడు సిస్టర్ లీవు పెడితే వీడికి దిగులు. పళ్ళు పాడవుతాయని కరిగాక నీళ్ళతో పుక్కిలించి మింగమని, గంట దాకా బ్రష్ చెయ్యొద్దని చెప్పింది కూడా ఆవిడే. తర్వాత మాత్రలు ఇంటికిచ్చినప్పుడు మా పాప సంగతి అడిగి మరీ బీరువాలో తాళం వేసి పెట్టమన్నారు, పెద్దవాళ్ళ మాత్ర పిల్లలు మింగితే ఊపిరి ఆగిపోవచ్చంట.

మా మెడికల్ షాపు బాబాయ్ గురించి చెప్పాలి. వాడికి నిద్ర పట్టట్లేదని మా పెద్దమ్మ ఆల్‌ప్రజోలామ్ కొనుక్కురమ్మని పంపింది. చీటీ ఏదిరా, ఇంకేం మందులు వాడుతున్నావ్ అని అడిగి, బుప్రెనార్ఫిన్ పేరు వినగానే ఇవ్వనంటే ఇవ్వనన్నారు. రెండూ కలిస్తే ఊపిరి మందగించి నిద్రలోనే పోవచ్చని వాడికే కాకుండా మా ఇంటికి ఫోన్ చేసి మరీ చెప్పారు. వ్యాపారం పోగొట్టుకుని ఇంకో ఫోన్ ఖర్చు కూడా పెట్టుకున్నారు పాపం. మందు తాగినా అదే ప్రమాదం, అందుకే చిన్నాన్న కొడుకు పెళ్ళిలో కుర్రాళ్ళందరూ మేడెక్కితే మా బావ వీడితో కిందే కూర్చుని రాత్రంతా పేకాడాడు. బావా, నువ్వు ఓడిన డబ్బులు నేనివ్వను గానీ థాంక్యూ.

"మత్తు మానడానికి మళ్ళీ మత్తు మాత్రేనా, ఎన్నాళ్ళు మింగుతాడు" అని అడిగిన చుట్టాలకి కూడా చెప్తున్నా, ఇది 2005 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక మందుల జాబితాలో ఉన్న మందు. మధ్యలో మనంతట మనం ఆపేస్తే ఒంటికి అలవాటు తగ్గిపోయి ఉంటుంది, అప్పుడు పాత డోసు వేసుకుంటే ప్రాణం మీదకొస్తుంది, మేడం గారు ఈ ఒక్క ముక్క వచ్చినప్పుడల్లా చెప్తారు. తగ్గించాలంటే ఆవిడే మెల్లగా తగ్గిస్తారు, తొందరేం లేదన్నారు. మలబద్ధకం ఒకటి ఇబ్బంది పెడుతోంది, దానికి అమ్మ మునగాకు, ఆవిడ సిరప్. వాడు మళ్ళీ పనిలోకి వెళ్తున్నాడు, బరువులు కాకుండా లెక్కలు రాసే పని.

ఇంట్లో ఎవరికైనా ఇలా ఉంటే 14446కి ఫోన్ చేయండి, కేంద్రం వాళ్ళ డి-అడిక్షన్ హెల్ప్‌లైన్, డబ్బులు కట్టక్కర్లేదు.

మొదటి జీతంతో వాడు మాడుగుల హల్వా తెచ్చి అందరికీ పంచాడు. బాబాయ్, మీకు షుగరని షాపులో తెలియక ఇచ్చేశాడంట, పిన్ని ఫోన్ చేసి డబ్బా తనే ఖాళీ చేశానని చెప్పింది.