కరివేపాకు కుండీకి పురుగుమందు కొట్టకండి

సంపాదకుల వారికి,

బెంగళూరులో వేసవి శిబిరాల ప్రకటనలు చూస్తుంటే, పిల్లలకు ప్రకృతిని చూపించాలంటే బస్సెక్కించి ఊరు దాటించక తప్పదేమో అనిపిస్తుంది. బన్నేరుఘట్టలో 2006లో మొదలైన సీతాకోకచిలుకల పార్కు చూడదగ్గదే. కానీ గంటసేపట్లో అక్కడ చూసేది ఎక్కువగా ఎగిరే సీతాకోకలనే. గుడ్డు నుంచి రెక్కల దాకా జరిగేదంతా చూడాలంటే మారతహళ్లి అపార్టుమెంటు బాల్కనీలోని కరివేపాకు కుండీ చాలు.

కామన్ మార్మన్ అనే నల్లటి పెద్ద సీతాకోక కరివేపాకు, నిమ్మ, మారేడు చిగుళ్ల మీద ఆవగింజంత లేత పసుపు గుడ్లు విడివిడిగా పెడుతుంది. మూడు నాలుగు రోజుల్లో పురుగు బయటికొచ్చి ముందుగా గుడ్డు పెంకునే తింటుంది. మొదట్లో అది అచ్చం పిట్ట రెట్టలా ఉంటుంది. అందుకే చాలా ఇళ్లలో తుడిచి పారేస్తారు. నాలుగోసారి కుబుసం విడిచాక పచ్చబడుతుంది. కదిలిస్తే తల వెనక నుంచి ఎర్రటి జంట కొమ్ములు చాచి ఘాటు వాసన వదులుతుంది, అంతే. రోమాలున్న గొంగళిపురుగులను మాత్రం పిల్లల్ని ముట్టుకోనివ్వద్దు. ఆ నూగు తగిలితే దద్దుర్లు వస్తాయి.

పురుగును మొక్క మీదే ఉంచి, ఆ కొమ్మకు పాత దోమతెర గుడ్డతో సంచి కట్టడం అన్నిటికన్నా మేలు. లోపల పెంచాలంటే అడుగు ఎత్తున్న అట్టపెట్టె తీసుకుని, ఒక పక్క కోసి తెర అతికించాలి. రెండు మూడు పురుగులకు మించొద్దు. రెమ్మను నీళ్ల సీసాలో పెట్టి మూతి చుట్టూ దూది కుక్కాలి, లేకపోతే పురుగు కాడ వెంట దిగి నీళ్లలో పడి చస్తుంది. రెట్టలు రోజూ తీసెయ్యాలి. మూత బిగించిన గాజు సీసాలో చెమ్మ పట్టి, బూజొచ్చి పురుగులు పోతాయి. బజారు కరివేపాకు వద్దు. దాని మీద మందు మిగిలి ఉంటే కడిగినా పూర్తిగా పోదు.

పిల్లలు బెంగపడేవి కొన్నుంటాయి, ముందే చెప్పాలి. కుబుసం విడిచే ముందు పురుగు ఒక రోజంతా కదలదు, అప్పుడు పీకి చూడకూడదు. ప్యూపాగా, అంటే రెక్కలొచ్చే ముందు తిండి లేకుండా ఒకచోట అంటుకుని ఉండే దశలోకి, మారే ముందు తిండి మానేసి, పల్చగా ఒకసారి విసర్జించి, అటూ ఇటూ తిరుగుతుంది. అది జబ్బు కాదు. అప్పుడు ఎక్కడానికి పెట్టెలో ఒక పుల్ల నిలబెట్టాలి. ప్యూపా నల్లబడగానే పారేయొద్దు. సీతాకోక వచ్చే ముందురోజు కూడా నల్లబడుతుంది, అయితే అప్పుడు రెక్కల మచ్చలు పైకి కనిపిస్తాయి. మచ్చలు లేకుండా నల్లబడి, పక్కన సన్నటి రంధ్రం పడిందంటే లోపల చిన్న కందిరీగలు పెరిగాయన్నమాట. దాన్ని పిల్లల కంట పడకుండా దాచేవాళ్లున్నారు. మా దృష్టిలో ఆ పెట్టెలో నేర్చుకోవలసిన వాటిలో అదీ ఒకటి.

బయటికొచ్చిన సీతాకోక వేలాడుతూ రెక్కలు చాపుకోవాలి. చోటు చాలకపోతే అవి ముడుచుకుపోయి అలాగే గట్టిపడతాయి. అప్పుడు రాలే చుక్కలు చూసి భయపడొద్దు, అవి ప్యూపా దశలో మిగిలిన వ్యర్థం. రెండు మూడు గంటలాగి వదిలేయాలి. దగ్గర్లో నూరువరహాల మొక్క ఉంటే తేనె కోసం అక్కడికి వస్తుంది.

అపార్టుమెంటు సంఘాలకు ఒక్క విన్నపం. మందు కొట్టే తేదీని ముందుగా నోటీసు బోర్డులో పెట్టండి, కరివేపాకు, నిమ్మ మొక్కలను వదిలేయండి. నాలుగు రెమ్మలు తిన్నంత మాత్రాన ఎదిగిన కరివేపాకు చావదు, చివర తుంచితే పక్క చిగుళ్లు వేస్తుంది. పోపులోకి కోసుకునే మొక్క మీద ఆ మందు ఎలాగూ ఉండకూడదు కదా.

— పిల్లలకు ప్రకృతి పాఠాలు చెప్పే కొందరు, బెంగళూరు